మిట్టమధ్యాహ్నం చీకటి చేసిన రోజు

స్టేజీ లైటింగ్ అంటే ఈ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చుని మీట నొక్కడం. మా రోజుల్లో అలా కాదు. చిక్కడపల్లిలో ఒక పాత హాలు, ఆ హాల్లో ప్రేక్షకుల వెనక ఇనుప మెట్లెక్కి వెళితే, ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికి చోటుండని గది. అందులో ముప్పై నాలుగేళ్లు కూర్చున్నాను. పద్య నాటకాలు, డాన్సు ప్రోగ్రాములు, పుస్తకావిష్కరణలు, సన్మానాలు. శాలువా కప్పించుకునే ప్రతి మొహం మీదా వెలుగు వేసింది నేనే. నా మొహం మాత్రం ఎవరికీ తెలియదు. దానికి నాకేం బాధ లేదు, నిజం చెబుతున్నాను.

ఇప్పుడు ఈ పనిలో ఉన్న పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "అంకుల్, మీ సర్వీసులో ఎప్పుడైనా పెద్ద తప్పు చేశారా?" అని అడుగుతుంటారు. చిన్నవి బోలెడు చేశాను. పెద్దది ఒక్కటే, అది కూడా రిటైరయ్యే ఏడాది చేశాను. ఆ సంగతి చెబుతాను. కాకపోతే మొదటి నుంచి చెబుతాను, మధ్యలో తొందరపెట్టకండి.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు కోఠీలో ఫుట్‌పాత్ మీద ఒక క్యాసెట్ కొన్నాను. అట్ట మొత్తం నలుపు, మధ్యలో ఒక చెయ్యి, అంతే. మనిషి లేదు. ఇంటికొచ్చి పెడితే, టేపు చిక్కుకుందేమో అనుకున్నాను, అంత నెమ్మదిగా, అంత బరువుగా మొదలైంది పాట. గొంతు లోతుగా ఉంది. ఆరు నెలలపాటు అది మగవాడి గొంతే అనుకున్నాను. తర్వాత ఎవరో చదువుకున్నవాడు అట్ట వెనక చిన్న అక్షరాలు చదివి, "ఆడమనిషిరా బాబూ, ఈశాన్య రాష్ట్రాల్లో ఏదో కొండ ఊరు" అని చెప్పాడు. ఆ రకం పాటల్ని గోత్ రాక్ అంటారని కూడా వాడే చెప్పాడు. నల్లబట్టలు, కాటుక కళ్లు, చావు, చీకటి, పోయినవాళ్ల మీద బెంగ. నా ఇంగ్లీషుకి సగం మాటలు అందలేదు. అయినా దుఃఖాన్ని దాచుకోకుండా, సిగ్గుపడకుండా, పైకి ఎత్తి పాడుతోందని మాత్రం అర్థమైంది. నాకు అది చాలా ఇష్టమైంది.

మీకు వింతగా ఉండొచ్చు, నాకు వింత కాలేదు. మా నాటకాల్లో శ్మశానం సీను ఉంటే జనం కుర్చీ అంచుకి వచ్చేస్తారు. వెనక నుంచి నీలం లైటు, కింద సాంబ్రాణి పొగ, మధ్యలో ఒక మనిషి నిలబడి గుండెలు పగిలేలా పాడటం. ఈవిడా అదే పని చేస్తోంది, గిటార్లు పెట్టుకుని. హాల్లో ప్రోగ్రాం లేని మధ్యాహ్నాలు ఆ గదిలో కూర్చుని ఆ క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాను. ఇంట్లో పెడితే మా ఆవిడ, "దీపం పెట్టేవేళ ఆ ఏడుపేమిటండీ" అనేది.

ఆ పాడే ఆవిడ మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు. తర్వాత ఫోన్లలో వీడియోలు వచ్చినా, అన్నింటిలోనూ నీడే. ఎదుటి మనిషి మొహం మీద వెలుగు వేయడమే పనిగా బతికినవాణ్ణి కదా, అదొక దురద నాకు. ముప్పై ఆరేళ్ల దురద.

ఇక ఆ ఎండాకాలం. ఒకమ్మాయి మా సెక్రటరీ గారి దగ్గరకు వచ్చింది. గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటూ అశోక్‌నగర్ హాస్టల్లో ఉండే పిల్ల. చంకలో పుస్తకాలు, గోళ్లకు నల్లరంగు. సెక్రటరీ గారు రిటైరైన ఆఫీసరు. మా వైపువారే, కృష్ణా జిల్లా. ఎవరొచ్చినా దరఖాస్తు పరిశీలించినట్టే మాట్లాడతారు.

"ఏం ప్రోగ్రామమ్మా? భక్తి సంగీతమా?"

"కాదు సార్. గోత్ రాక్."

"అంటే?"

"చీకటి పాటలు సార్."

"అసభ్యం ఏమైనా ఉంటుందా?"

"అయ్యో, లేదు సార్. చావు ఉంటది, అంతే."

"అయితే ఫరవాలేదు. కానీ ఆదివారం సాయంత్రం సన్మానం ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా అయితే ఇస్తాను."

నేను పక్కనే ఫ్యూజు మారుస్తున్నాను. ఆ అమ్మాయి పాడే ఆవిడ పేరు చెప్పింది. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పించుకున్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "అంకుల్, మీకు ఎరుకనా ఆమె?" అంది. ఎరుకే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడు ఆ అమ్మాయి షరతు చెప్పింది. ముందు నుంచి ఆవిడ మొహం మీద ఒక్క లైటు కూడా పడకూడదు. వెనక నుంచి ఎంతైనా వేసుకోవచ్చు. ఎక్కడో ఒక ఊళ్లో ఎవరో వేస్తే పాట ఆపేసి వెళ్లిపోయిందట, మళ్లీ స్టేజీ ఎక్కలేదట. "ఎన్నో ఏండ్ల తర్వాత వస్తున్నది అంకుల్. గదొక్కటి చూసుకోండ్రి. నేను మాటిచ్చిన." సరేనమ్మా, నాదీ పూచీ అన్నాను. లోపల ఎంత నిరాశపడ్డానో చెప్పలేను. తీరా మా హాలుకే వస్తుంటే, అప్పుడూ మొహం చూసే రాత లేదన్నమాట!

మే నెల, మధ్యాహ్నం రెండింటికి చిక్కడపల్లిలో చీకటి కావాలి. ఎక్కడ తేవాలి? మా హాలుకి పైన బారుగా వెంటిలేటర్లు, పక్కన నాలుగు తలుపులు. మూడు రోజులు అదే పని. నాటకాల నల్ల తెరలన్నీ దించి వెంటిలేటర్లకు కొట్టాం. అవి చాలకపోతే ఆ అమ్మాయి స్నేహితులు హాస్టల్ నుంచి దుప్పట్లు, నల్ల చున్నీలు తెచ్చారు. తలుపుల కింద సందులకు జంపఖానాలు చుట్టి పెట్టాం. ఎన్ని చేసినా ఎక్కడో ఒక సూర్యకిరణం దూరేది. నేను హాలు మధ్యలో నిలబడి వేలు చూపించడం, మా మైకు మనిషి నిచ్చెన ఎక్కడం.

ఈ మైకు మనిషి గురించి చెప్పాలి. మహబూబ్‌నగర్ వైపు నుంచి కూలిపనికి వచ్చి, మైకు సెట్టు మోస్తూ మోస్తూ పని నేర్చుకున్నవాడు. పాతికేళ్లుగా నాకు తమ్ముడూ వాడే, శత్రువూ వాడే.

"ఏందన్నా ఇది," అన్నాడు నిచ్చెన మీంచి. "లోకమంత లైట్లు పెట్టుమని పిలుస్తరు, గీమె చీకటి పెట్టుమంటది. నీ ముప్పై ఏండ్ల సర్వీసుకు మంచి పని దొరికింది పో."

"నువ్వు మేకు సరిగ్గా కొట్టు ముందు."

"కొడుతున్న కొడుతున్న. జర నవ్వరాదే, నీ పెండ్లికి కూడా గింత పరేషాన్ అయినవో లేదో."

కాలేదు, నిజమే.

ఆదివారం పన్నెండింటికి ఆవిడ వచ్చింది. తల మీద నల్ల స్కార్ఫు, పెద్ద నల్ల కళ్లద్దాలు, పొట్టి మనిషి, వెంట గిటార్ల వాళ్లు. దూరం నుంచే చూశాను. ఆ అమ్మాయి, "రాండ్రి అంకుల్, పరిచయం చేస్తా" అంటే, తర్వాత చూద్దాంలే అని పైకెక్కి గదిలో కూర్చున్నాను. అరవైకి దగ్గరపడ్డ వెధవని, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు సిగ్గు.

ఒకటిన్నరకల్లా జనం. ఆ ఎండలో నల్ల చొక్కాలు, నల్ల బూట్లు వేసుకుని, కాటుక కారిపోతూ వచ్చారు పిల్లలు, ఆడా మగా. పక్కనే మార్కెట్‌లో కూరలు కొనుక్కునేవాళ్లు సంచులు పట్టుకుని ఆగి చూశారు. ముందు వరస మాత్రం కమిటీ పెద్దలది. ఏ ప్రోగ్రామైనా సరే, అది వారి హక్కు. ఆరుగురు వచ్చారు, తెల్ల పంచెలు, తెల్ల లాల్చీలు. వారిలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారున్నారు. ఎనభై దాటిన మనిషి. మీటింగులో ఉపన్యాసం జరుగుతున్నా తొడ మీద తాళం వేస్తుంటారు. మా మైకు మనిషి పెద్దలందరికీ తలో రెండు దూది ఉండలు ఇచ్చి, "చెవుల్ల పెట్టుకోండి సార్, నా జిమ్మేదారి కాదు" అని దణ్ణం పెట్టాడు. అందరూ బుద్ధిగా పెట్టుకున్నారు.

తలుపులు మూశాం. హాల్లో మంచి చీకటి. నా చేతులతో చేసిన చీకటి అది, నాకే గర్వం వేసింది. వెనక నుంచి సన్నగా నీలం ఇచ్చాను. పొగ లేచింది. ఆ పొగలో నల్లటి ఆకారం వచ్చి నిలబడింది. పాట అందుకుంది.

అదే గొంతు. కొంచెం అరిగింది, అంచులు గరుకుదేరాయి, కానీ అదే. క్యాసెట్‌లో విన్నది సగమే అని అప్పుడు తెలిసింది నాకు. ఒక పాట, రెండు, మూడు. పిల్లలు అరవడం కూడా మానేసి వింటున్నారు. వెనక నుంచి నీలం, అప్పుడప్పుడు ఊదా, అంతే, ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేస్తున్నాను.

నాలుగో పాట, క్యాసెట్‌లో మొదటి పాట. నేను మొదటిసారి విన్నది. చివర ఒక దీర్ఘం ఉంటుంది అందులో. క్యాసెట్‌లో అది కాసేపు సాగి తగ్గిపోయేది. ఆ రోజు తగ్గలేదు. ఎత్తుకుంది, పైకి వెళ్లింది, అక్కడ నిలబెట్టింది. ఇంకా నిలబెట్టింది. నేను కళ్లు మూసుకున్నాను. నా చెయ్యి లేచింది.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. పద్య నాటకంలో నటుడు పద్యం చివర రాగం తీస్తాడు. ఆ రాగం పైకి వెళ్లేకొద్దీ లైటు మనిషి ఆ నటుడి మొహం మీద వెలుగు పెంచుకుంటూ పోవాలి. రాగం శిఖరానికి చేరేసరికి మొహం ధగధగలాడాలి, అప్పుడు చప్పట్లు. ఎవరూ చెప్పక్కర్లేదు, సైగ అక్కర్లేదు. చెవి వింటుంది, చెయ్యి లేస్తుంది. ముప్పై నాలుగేళ్లలో కొన్ని వేల రాగాలకు నా చెయ్యి అలా లేచి ఉంటుంది.

ముందు నుంచి పడే లైటుకు బోర్డులో మీట ఉండనే ఉంది. అది తీసేయాల్సింది. కనీసం కాగితం అంటించి మూసేయాల్సింది. నా చేతుల మీద నాకున్న నమ్మకం అలాంటిది మరి. కళ్లు తెరిచేసరికి ఆవిడ మొహం మీద తెల్లటి వెలుగు పూర్తిగా పడుతోంది.

చూశాను. ముప్పై ఆరేళ్ల తర్వాత చూశాను. చిన్న మొహం, నెరిసిన జుట్టు, చెమటకు జారిన కాటుక, తెరిచిన నోరు. కళ్లలో భయం. దేవుడా, అంత భయం! రాగం మధ్యలో తెగిపోయింది. ఆవిడ మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను మీట లాగేశాను. మళ్లీ చీకటి. ఆ చీకటిలో గబగబా వెళ్లిపోతున్న బూట్ల చప్పుడు. గిటార్ల వాళ్లు కాసేపు వాయించి వాళ్లూ ఆపేశారు.

మా సెక్రటరీ గారు ఎలా తడుముకుంటూ వెళ్లారో గానీ స్టేజీ ఎక్కి మైకు అందుకున్నారు. "ఇప్పుడు పది నిమిషాలు తేనీటి విరామం," అన్నారు. తలుపులు తెరిచారు. ఎండ భళ్లున లోపలికొచ్చింది. ఆ నల్లబట్టల పిల్లలంతా కళ్లు చికిలించుకుంటూ బయటికెళ్లి టీ కోసం నిలబడ్డారు.

నేను గదిలోనే ఉండిపోయాను. మైకు మనిషి మెట్లెక్కి పైకొచ్చాడు. వాడి మొహం చూస్తే వాడికి తెలుసని అర్థమైంది.

"అన్నా, నేను చెప్తా విను. ఓల్టేజీ కొట్టిందని చెబుదాం. లైటు దానంతటదే వచ్చిందని. పాతికేండ్ల సంది అన్నీ కరెంటు మీదనే ఏస్తున్నం, ఇంకొక్కసారి ఏస్తే ఏమైతది?"

"వద్దురా."

"ఎందుకొద్దు? నెల రోజులైతే రిటైరయితవు. మంచిగ దండ ఏసుకుని పోరాదు?"

వాడు నా మంచికే చెప్పాడు. కానీ అబద్ధం చెప్పి ఇంటికెళితే, ఆ క్యాసెట్ మళ్లీ పెట్టుకోగలనా? పెట్టుకున్నా వినగలనా? ఈ వయసులో నాకున్న ఇష్టాలు నాలుగైదు, అందులో ఇదొకటి. దాన్ని చేతులారా పాడు చేసుకోబుద్ధి కాలేదు.

కిందికి దిగితే మెట్ల మీద ఆ అమ్మాయి కూర్చుని ఏడుస్తోంది. "ఏమైంది అంకుల్? ఎట్లైంది? నేను ఆమెకు మాటిచ్చిన కదా!"

"నేనే వేశానమ్మా."

"ఎందుకు?"

"పద, ఆవిడకే చెబుతాను," అన్నాను.

గ్రీన్ రూములో ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. బ్యాగు ఒళ్లో ఉంది. ఆవిడ హిందీ, నా హిందీ రెండూ వచ్చీరానివే. అక్కడక్కడ ఆ అమ్మాయి సాయం చేసింది. మొత్తం మీద మాట్లాడుకున్నది ఇది.

"కరెంటు తప్పేం లేదు. లైటు వేసింది నేను," అన్నాను.

"చెప్పలేదా నీకు?"

"చెప్పారు. నా చెయ్యి వినలేదు." మా పద్య నాటకం గురించి, రాగం గురించి, చెయ్యి దానంతటది లేవడం గురించి చెప్పాను. మొదటి రెండు మాటలయ్యాక ఆవిడ నా వైపు తిరిగింది.

"పాడే ప్రతివాళ్లకీ లేస్తుందా ఆ చెయ్యి?"

"లేదు. శ్రుతి తప్పితే లేవదు. ఎంత పెద్ద నటుడైనా సరే. దానికోసం చాలామంది చేత తిట్లు కూడా తిన్నాను."

అప్పుడు ఆవిడ చెప్పింది. మొదటిసారి వాళ్ల ఊళ్లో పాడినప్పుడు ముందు వరసలో చుట్టాలు, తెలిసినవాళ్లు కూర్చున్నారట. ఈ వేషం చూసి, ఈ గొంతు విని మోకాళ్ల మీద చేతులు కొట్టుకుంటూ నవ్వారట. అప్పటి నుంచి మొహాలు కనిపిస్తే మాటలు మరిచిపోతుందట. స్టైలు అని అందరూ అనుకుంటారు, స్టైలు కాదు, భయం అంది. అంత పెద్ద గొంతున్న మనిషి, ఇంత చిన్న గొంతుతో.

"ఇప్పుడు కూడా, నా మీద పడ్డ వెలుగు ముందు వరసకు పారితే చూశాను," అంది. "ముందు వరసలో తెల్లబట్టల ముసలాయన. చేత్తో తొడ మీద కొట్టుకుంటున్నాడు. నవ్వుతున్నాడు కదా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ప్రాణం లేచొచ్చింది. "అమ్మా, ఆయన నవ్వడం లేదు. తాళం వేస్తున్నారు! ఆయన తాళం వేస్తే పాట నచ్చినట్టు. చెవుల్లో దూది పెట్టుకుని కూడా వేస్తున్నారు."

"దూది ఎందుకు?"

ఆ అమ్మాయి ఏడుపు మధ్యలోనే ఫక్కున నవ్వింది. మైకు మనిషి సంగతి చెప్పక తప్పలేదు. ఆవిడ నవ్వలేదు గానీ, బ్యాగు ఒళ్లోంచి తీసి కింద పెట్టింది.

"నాకు ఆయన్ని చూడాలని ఉంది," అంది. "చూస్తూ పాడగలనో లేదో తెలియదు. లైటు నా మీద వద్దు. వాళ్ల మీద వెయ్యగలవా? కొంచెమే."

ముప్పై నాలుగేళ్లలో ప్రేక్షకుల మీద లైటు వేయమని నన్నెవరూ అడగలేదు. ముందు లైటు హాలు కప్పుకి వేలాడుతుంటుంది. దాన్ని తిప్పి ముందు వరస మీదికి దించాలి. నిచ్చెన వేసి నేనే ఎక్కాను. కింద మైకు మనిషి నిచ్చెన పట్టుకుని, "రిటైరయ్యే ముంగట నడుం ఇరగ్గొట్టుకుంటవు, వదిన నన్ను తిడతది" అని సణుగుతూనే ఉన్నాడు. లైటుకు నీలం కాగితం రెండు పొరలు కట్టాను. కింద కూర్చున్న లెక్చరర్ గారు తలెత్తి, "ఏమిటయ్యా, మమ్మల్ని కూడా నాటకంలో కలిపేస్తున్నావా?" అన్నారు. అవునండీ, మీది ముఖ్య పాత్ర అన్నాను. ఆయన ఉత్తరీయం సర్దుకుని కూర్చున్నారు.

తలుపులు మళ్లీ మూశాం. ఆవిడ వచ్చింది, స్టేజీకి బాగా వెనక, గోడకు ఆనుకున్నంత దూరంలో నిలబడింది. నేను ముందు వరస మీద వెలుగు నెమ్మదిగా తెచ్చాను. ఆరుగురు పెద్దలు, మసకగా, నీలంగా. పాట మొదలుకాలేదు. గిటారు మొదటి వరుస రెండుసార్లు తిరిగింది, మూడోసారీ తిరిగింది. ఆవిడ అందుకోలేదు. మాటలు మరిచిపోయిందా? ఆర్పేద్దామని చెయ్యి మీట దాకా వెళ్లింది. అంతలో లెక్చరర్ గారు దూది తీసి పక్కన పెట్టుకుని, గిటారు వరసకు తొడ మీద తాళం మొదలుపెట్టారు. ఎప్పటిలాగే, ఎవరినీ పట్టించుకోకుండా, ఒక్క దెబ్బ తేడా రాకుండా.

ఆ తాళం మీద అందుకుంది ఆవిడ. అబ్బ! ఆ తర్వాత ఎన్ని పాటలు పాడిందో నాకు గుర్తు లేదు. నాలుగున్నరయింది. సెక్రటరీ గారు సాయంత్రం సన్మానానికి వేళవుతోందని గడియారం చూపిస్తున్నారు. ఆఖరి పాటకు ముందు ఆవిడ మైకులో ఏదో గొణిగింది. క్యాసెట్‌లోని మొదటి పాట మళ్లీ ఎత్తుకుంది, తెగిపోయిన పాట. నేను భయపడి మీట మీంచి చెయ్యి తీసేశాను. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకొకటి పట్టుకున్నాను.

దీర్ఘం వచ్చింది. ఆవిడ గోడ దగ్గర్నుంచి కదిలింది. పాడుతూనే ఒక్కొక్క అడుగు ముందుకు వేసింది. ముందు వరస మీద నేను వేసిన ఆ కాస్త వెలుగు స్టేజీ అంచు దాకా పారుతోంది. అది ఎక్కడ మొదలవుతుందో ఆవిడకు కనిపిస్తూనే ఉంది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత అందులోకి అడుగు పెట్టి, ముసలాయన ఎదురుగా నిలబడి, ఆయన మొహంలోకి చూస్తూ రాగం పూర్తిచేసింది. నెరిసిన జుట్టు, జారిన కాటుక, చిన్న మొహం, మొత్తం కనిపిస్తున్నాయి. నేను మీట ముట్టుకోలేదు.